పప్పన్నం పాఠం: కొత్తగూడ నుంచి పస్తాపూర్ దాకా

హైదరాబాద్‌లోని కొత్తగూడ చౌరస్తా నుంచి మియాపూర్ మీదుగా ముంబై హైవే ఎక్కితే ముందుగా పటాన్‌చెరులో ఇక్రిశాట్ వస్తుంది. 1972లో నెలకొల్పిన ఈ సంస్థ మెట్ట పంటల మీద పరిశోధన చేస్తుంది. దాని జన్యు నిధిలో జొన్న, సజ్జ, రాగి, కంది, సెనగ, వేరుసెనగ వంటి పంటల విత్తన నమూనాలు 1.2 లక్షలకు పైగా భద్రంగా ఉన్నాయి. అదే దారిలో సంగారెడ్డి, సదాశివపేట దాటి పోతే జహీరాబాద్, దాని పక్కనే పస్తాపూర్. ఆ చుట్టుపక్కల ఊళ్ల ఎర్ర చెలకల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు దశాబ్దాలుగా పాత పంటలను బతికించుకుంటూ వస్తున్నారు. ఇటు నగరంలోకి వస్తే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ చేరిన సంస్థ అది. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. తిండి ఎలా పండుతుంది, ఎలా మన కంచంలోకి వస్తుంది, ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుంది అని పిల్లలకు నేర్పడానికి ఇన్ని చోట్లు ఒక్కపూట ప్రయాణంలో ఉన్నాయి. ఇంత భాగ్యం చాలా నగరాలకు లేదు.

అయినా ఇక్కడి పిల్లల్లో చాలామందికి తిండి పాఠం అంటే పరీక్ష కోసం బట్టీ పట్టే విటమిన్ల పట్టికే. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు వస్తుందో చెప్పగల పిల్లవాడికి కంది చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో తెలియదు. ఇది పిల్లల తప్పు కాదు. వాళ్లకు చూపించాల్సినవాళ్లు చూపించలేదు.

1986లో అమెరికాలో జోన్ గుస్సో, కేట్ క్లాన్సీ అనే ఇద్దరు పోషకాహార నిపుణులు ఒక వ్యాసం రాశారు. ఏం తినాలో చెప్పేటప్పుడు ఒంటి ఆరోగ్యం ఒక్కటే చూస్తే సరిపోదని, ఆ తిండి పండే నేల, నీరు, పండించే మనుషుల సంగతి కూడా చూడాలని వాళ్ల వాదన. సుస్థిర ఆహారం అన్న ఆలోచన అలా మొదలైంది. 2010లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి నిర్వచనం ఇచ్చింది. ఆ తిండి ఒంటికి మేలు చేయాలి, భూమికి తక్కువ భారం కావాలి, అందరికీ అందుబాటు ధరలో ఉండాలి, ఆ ప్రాంత సంస్కృతికి ఒదగాలి. ఈ నాలుగింటినీ కలిపి చూడడం ముఖ్యం. మనుషుల వల్ల గాలిలో చేరి భూమిని వేడెక్కించే వాయువుల్లో దాదాపు మూడో వంతు తిండిని పండించడం, మార్చడం, మోయడం, వండడం, పారేయడం వల్లే వస్తున్నదని లెక్కలు చెబుతున్నాయి.

కొత్తగూడ చుట్టూ ఉన్న ఐటీ ప్రాంతం సైబరాబాద్‌లో ఈ పాఠానికి ప్రత్యేకమైన అవసరం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందికి ఊబకాయం ఉంది. ఎంచుకున్నది 345 మందినే కాబట్టి ఈ అంకెను మొత్తం ఐటీ జనానికి అంటగట్టకూడదు. కానీ ఊరికే తీసిపారేయగల అంకె కాదు. గంటల తరబడి కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, నిద్ర లేకపోవడం, తీపి పానీయాలు అన్నీ కలిసి చేసిన పని అది. కొత్తగూడ, కొండాపూర్ గల్లీల్లోని పీజీ హాస్టళ్లలో ఉండేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. ఇల్లు వదిలి వచ్చాక ఏం తినాలో మొదటిసారి తామే తేల్చుకుంటున్న వయసు. హాస్టల్లో పల్చటి పప్పు, తెల్లన్నం. అది నచ్చకపోతే ఫోన్ తీసి బిర్యానీ. వాళ్లకు మధ్యలో ఇంకో దారి ఎవరూ చూపలేదు.

ఆ బిర్యానీతోనే పాఠం మొదలుపెట్టవచ్చు. పిల్లలకు ఇష్టమైన దాని గురించి మాట్లాడితే వింటారు. హోటళ్లు వాడే బాస్మతి తెలంగాణలో పండేది కాదు. పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్, హిమాలయాల అంచు ప్రాంతాలకే ఆ పేరు మీద భౌగోళిక గుర్తింపు ఉంది. పంజాబ్, హర్యానాల్లో భూగర్భ జలాలు ఏటికేడు దిగిపోతున్నాయి. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తుంది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా ఇండోనేషియా, మలేసియాల పామాయిల్‌ది. పక్కన పప్పు తింటే ఆ కంది మయన్మార్ నుంచో, మొజాంబిక్ నుంచో వచ్చి ఉండవచ్చు. మనకు వంద కిలోమీటర్ల చిల్లర దూరంలో తాండూరు ఉంది. అక్కడి కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరి హాస్టల్ పప్పు ఏ ఊరిది? ఒక వారం రోజులు పిల్లలు తమ కంచంలోని ఒక్కొక్క వస్తువూ ఎక్కడిదో కిరాణా కొట్టులో, వంటగదిలో అడిగి తెలుసుకోవాలి. ఆ వెతుకులాటలో నేర్చుకున్నది మర్చిపోరు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం కలగకుండా టీచర్ చూసుకోవాలి. దూరం నుంచి వచ్చింది చెడ్డది, దగ్గరిది మంచిది అని పిల్లలు తేల్చేస్తారు. ప్రపంచ సగటున తిండి వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా పదో వంతు కన్నా తక్కువే. ఎంత దూరం నుంచి వచ్చింది అనేదాని కన్నా ఏం పండించారు, ఎలా పండించారు అన్నదే పెద్ద విషయం. అందుకు మన కళ్ల ముందున్న ఉదాహరణ వరి.

కిలో వడ్లు పండడానికి వాననీరు, కాలువ నీరు కలిపి సగటున 2,500 లీటర్లు కావాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అక్కడి కొయ్యకాళ్లు, ఆకులు కుళ్లించి మీథేన్ విడుస్తాయి. నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా 28 రెట్ల దాకా ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా, నీరు ఇంకి నేల కొంత ఆరాక మళ్లీ తడిపితే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నీళ్లూ మిగులుతాయి. దిగుబడి పడిపోదు. వరి మానేయాలన్న మాట కన్నా వరిని ఇలా పండించాలన్న మాట రైతుకు, పిల్లలకు కూడా ఉపయోగపడుతుంది.

2024 వానాకాలంలో తెలంగాణలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారని, 150 లక్షల టన్నులకు పైగా ధాన్యం వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంత వరి ఎందుకు వేస్తున్నారు? రైతుకు తెలియక కాదు. 2024–25లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు వరికి 2,300 రూపాయలు, జొన్నకు 3,371, రాగికి 4,290, కందికి 7,550. కాగితం మీద చూస్తే వరిదే తక్కువ ధర. కానీ వడ్లు కొనడానికి ఊళ్లోనే ప్రభుత్వ కొనుగోలు కేంద్రం తెరుస్తారు. జొన్న కొనడానికి అంత నమ్మకంగా వచ్చేవాళ్లు లేరు. పైగా ఊళ్లో ఒక్క రైతే జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ చేను మీదే వాలతాయి. మంచె ఎక్కి వడిసెల పట్టుకుని పొద్దంతా కాపలా కాయాలి. పది మంది వేస్తే ఆ నష్టం పది చేలకు పంచుకుపోతుంది. ఒక పంట పొలంలోంచి మాయం కావడానికి ధర, కొనుగోలు, పిట్టలు, కాపలా కాసే మనిషి కూలి అన్నీ కారణాలే. ఆహార వ్యవస్థ అంటే ఇదే. దీన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్తే చక్కగా అర్థం చేసుకోగలరు. పిల్లల తెలివిని మనం తక్కువ అంచనా వేస్తున్నాం.

1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పథకాన్ని కూడా ఈ చరిత్రలో చెప్పాలి. అంతకు ముందు మెట్ట ప్రాంతాల్లో జొన్న గటక, అంబలి రోజువారీ తిండి. వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. ఆ బియ్యం ఎందరో పేదల ఆకలి తీర్చింది, ఉన్నవాళ్ల ఇంటి అన్నం లేనివాళ్ల ఇంట్లోకీ వచ్చింది. ఆ గౌరవాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు నగరంలో కూర్చున్న మనకు లేదు. నష్టం జరిగింది వేరే చోట. రేషన్ దుకాణంలోకి జొన్న, సజ్జ, రాగి రాలేదు. దేశంలో 1960ల్లో సుమారు 1.8 కోట్ల హెక్టార్లలో ఉన్న జొన్న ఇప్పుడు అందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా మిగిలింది.

పస్తాపూర్ చుట్టుపక్కల సంఘాలు ఈ లోటును తమ చేతులతో పూడ్చుకున్నాయి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దాదాపు 75 ఊళ్లలో, ఎక్కువగా దళిత ఆడవాళ్ల సంఘాలతో పనిచేసింది. 1990ల్లో బీడు పడ్డ భూములను సాగులోకి తేవడానికి సంఘం అప్పు ఇచ్చింది. ఆ అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీర్చారు. అలా పోగైన ధాన్యాన్ని ఆ ఊళ్లోనే లేనివాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఊరే నడుపుకున్న రేషన్ అది. 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. సంఘాల వాళ్లే నడుపుతారు, వాళ్ల మాటలోనే. అదే మాచ్‌నూరులో పచ్చసాలె అనే బడి నడిపారు. అక్కడ పిల్లలు మామూలు చదువుతో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుండలు చేయడం వంటి పనులూ నేర్చుకున్నారు. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర జరుగుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. 2019లో ఈ సంఘాల పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

ఆ చేలల్లో ఏం జరుగుతుందో సైన్స్ పరంగా చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుము, నువ్వు, పుంటికూర కలిపి వేస్తారు. జొన్న సీ4 రకం మొక్క. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకు లోపల ఒకచోట చిక్కగా పోగుచేసుకుంటుంది కాబట్టి ఆకు రంధ్రాలను ఎక్కువగా తెరిచి ఉంచనక్కర్లేదు. నీరు తక్కువ ఆవిరవుతుంది. వాన ఎగ్గొడితే ఎదుగుదల ఆపి, మళ్లీ చినుకు పడగానే అందుకుంటుంది. కంది మొదటి రెండు నెలలు నెమ్మదిగా పెరుగుతుంది. జొన్న కోసేదాకా దానికి అడ్డురాదు. జొన్న కోశాక వెలుతురంతా తనదే కాబట్టి గుబురుగా విచ్చుకుని సంక్రాంతి దగ్గర చేతికొస్తుంది. జొన్న వేళ్లు పైమట్టిలో, కంది వేళ్లు లోతున. ఒకే నేలలో ఇద్దరికీ చోటుంది.

ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో గట్టిగా అతుక్కుని ఉంటుంది. చాలా పంటలు దాన్ని తీసుకోలేవు. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని మట్టిలోకి వదిలి ఆ అతుకు విడదీస్తాయని ఇక్రిశాట్‌లో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తలు కనుగొని 1990లో ప్రకటించారు. జొన్నతో కందిని కలిపి వేయడంలో మన రైతులు ఎప్పటి నుంచో పొందుతున్న మేలుకు అది ఒక వివరణ. దీనికి తోడు కంది వేళ్ల బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. రాలిన ఆకులు మట్టిలో కలిసి తర్వాతి పంటకు ఎరువవుతాయి. యూరియా బస్తా తయారీకి వాడే సహజవాయువు ఆ మేరకు మిగులుతుంది.

ఈ బుడిపెలను కొత్తగూడ అపార్ట్‌మెంట్ బాల్కనీలోనే పిల్లలు చూడవచ్చు. ఒక కుండీలో మామూలు మట్టి పోసి, పొలం నుంచి తెచ్చిన గుప్పెడు మట్టి కలిపి, బొబ్బర్లు నాటండి. ఉత్త కొబ్బరి పొట్టులో నాటితే ఆ బ్యాక్టీరియా ఉండదు. యూరియా వేయవద్దు, తయారు ఎరువు దొరికితే మొక్క బుడిపెల జోలికి పోదు. నెల దాటాక మొక్కను నీళ్లతో తడిపి మెల్లగా పెకలించి వేళ్లు కడిగితే ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం వరసయ్యే లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. బుడిపెలోని బ్యాక్టీరియా పనికి ఆక్సిజన్ మితిమీరకుండా కాపాడేది అదే. లోపల గులాబీగా ఉంటే పని జరుగుతున్నట్టు, తెల్లగానో పచ్చగానో ఉంటే లేనట్టు. పుస్తకంలో బొమ్మ చూసిన పిల్లకూ, ఆ రంగు గోటికి అంటించుకున్న పిల్లకూ చాలా తేడా ఉంటుంది.

ఇదే చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే కూరలు ఉంటాయి. గునుగు అలాంటిదే. హైదరాబాద్ పిల్లలకు అది బతుకమ్మ పువ్వుగానే తెలుసు. దాని లేత ఆకు కూరగా వండుకుంటారని చెబితే ఆశ్చర్యపోతారు. తుమ్మికూర, దొగ్గలి, పాయలకూర కూడా ఇలా చేలో దొరికేవే. కలుపు మందు కొట్టిన చేలో ఇవి ఉండవు. పేద ఇంటికి ఊరికే దొరికే ఆకుకూర మందు చల్లిన రోజున పోతుంది. పురుగుమందుల గురించి నేర్పేటప్పుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలో రాయాలి.

ఇక ఒంటి సంగతి. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలిష్ బియ్యంలో 8 కూడా లేదు. సజ్జల్లో ఇనుము 6.4 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.65. జొన్నల్లో పీచు 10 గ్రాములు, బియ్యంలో 3 కన్నా తక్కువ. పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఈ గింజల్లోని ఫైటేట్ ఇనుమును పట్టి ఉంచుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలిని రాత్రంతా పులియబెట్టడం ఆ పట్టును సడలిస్తాయి. నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఇంకాస్త బాగా పడుతుంది. పప్పన్నంలో కూడా ఇలాంటి లెక్కే ఉంది. బియ్యం, జొన్నల మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాల్లో లైసిన్ తక్కువ, మెథియోనిన్ ఎక్కువ. పప్పుల్లో సరిగ్గా తిరగబడి ఉంటుంది. రెండూ కలిస్తే లోటు తీరుతుంది. కానీ పప్పు చారులా కాకుండా పప్పులా ఉండాలి. ఇదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటవద్దంటున్నాయి. మన దేశంలో చాలామందికి 50 నుంచి 70 శాతం దాకా ధాన్యాల నుంచే వస్తోంది.

మాంసం గురించి దాటవేయకూడదు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. పిల్లలకు మాంసం మానమని చెప్పే పాఠం ఇక్కడ ఎవరి చెవికీ ఎక్కదు, అవసరమూ లేదు. మనిషికీ భూమికీ మేలైన తిండి ఎంతో లెక్కగట్టి 2019లో వచ్చిన ఈట్–లాన్సెట్ నివేదిక రోజుకు సగటున 29 గ్రాముల కోడిమాంసానికి చోటిచ్చింది. అంటే వారానికి 200 గ్రాములు. వారానికి ఒకసారి ఇంట్లో కోడికూర వండుకునే కుటుంబం ఆ లెక్కకు దగ్గర్లోనే ఉంటుంది. రోజూ ఆర్డర్ పెట్టుకునే పిల్లవాడు దాన్ని ఎప్పుడో దాటేస్తాడు.

చిరుధాన్యాల పేరుతో మార్కెట్లో జరుగుతున్న సందడి మీద నాకు అభ్యంతరం ఉంది. మైదా, పంచదార, పామాయిల్ కలిపి పిసరంత రాగిపిండి చేర్చిన బిస్కెట్ మీద మిల్లెట్ అని పెద్ద అక్షరాలతో రాస్తే అది ఆరోగ్యం అయిపోదు. ప్యాకెట్ వెనుక పదార్థాలు ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. ఆ వరుస చదవడం పిల్లలకు నేర్పాలి. అదే కాలనీలో సాయంత్రం రోడ్డు పక్కన పెనం మీద జొన్నరొట్టెలు చేసి అమ్మే అమ్మ దగ్గర పిండి, నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ లేవు.

పాఠం చెప్పి ఊరుకుంటే తిండి మారదు. ఇక్రిశాట్, బడి భోజనం వండిపెట్టే అక్షయపాత్ర సంస్థ కలిసి కర్ణాటకలో సుమారు 1,500 మంది బడి పిల్లలకు మూడు నెలలు మధ్యాహ్న భోజనంలో రాగి ఇడ్లీ, సామలు, సజ్జలతో బిసిబేళె భాత్ పెట్టారు. మామూలు భోజనం తిన్న పిల్లల కన్నా వీళ్ల ఎదుగుదల 50 శాతం దాకా ఎక్కువగా ఉందని 2019లో ప్రచురించారు. మూడు నెలల ఫలితాన్ని శాశ్వత సత్యంగా తీసుకోనక్కర్లేదు. నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యంగా కనిపించింది. రుచి ఎలా ఉందని అడిగితే పిల్లలు ఈ వంటలకు మంచి మార్కులు వేశారు. పిల్లలు తినరు అని ముందే తేల్చేసేది పెద్దవాళ్లే. బాగా వండి పెడితే తింటారు.

కాబట్టి బడి క్యాంటీన్, పీజీ హాస్టల్ మెనూ బోర్డు కూడా పాఠ్యపుస్తకంలో భాగమే. వారానికి రెండు పూటలు జొన్నరొట్టె, చిక్కటి పప్పు, ఆకుకూర. మిగిలిన అన్నాన్ని రోజూ తూచి బోర్డు మీద రాయడం. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్లలోనే జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క. పారేసిన ప్రతి ముద్దతో దాని వెనుక ఉన్న నీరూ పోతుంది.

ఐటీ కంపెనీలకు, బళ్లకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు నా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒకసారి బస్సులో తీసుకెళ్లి ఫొటోలు దిగి వచ్చే యాత్ర వద్దు. ఒకే ఊరిని, ఒకే చేనును ఎంచుకోండి. జూన్‌లో విత్తేటప్పుడు, అక్టోబరులో జొన్న కోసేటప్పుడు, సంక్రాంతి దగ్గర కంది కొట్టేటప్పుడు పిల్లలను అక్కడికే తీసుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ చేను పంట ఆ రైతు చెప్పిన ధరకు కొనుక్కురండి.